ఎన్ని నిమిషాలు పెట్టారో డిశ్చార్జ్ కాగితం మీద రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ చెన్నై ఎడిషన్ ఆరోగ్యం పేజీలో నీటికాసుల (గ్లకోమా) ఆపరేషన్ గురించి వేసిన వ్యాసం చదివాను. లోపల రాసినదాంట్లో పెద్ద తప్పులేం లేవు కానీ పైన పెట్టిన హెడ్డింగ్ ఉంది చూశారా, కంట్లో క్యాన్సర్ మందు అని, అది వచ్చిన దగ్గర్నుంచి మా చుట్టాల్లో, మా వీధిలో గ్లకోమా ఉన్న ప్రతివాళ్ళూ నాకు ఫోన్ చేస్తున్నారు. నేను ఇక్కడే ఒక కంటాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో సిస్టర్‌గా చేసి రిటైరయ్యాను, ఆ మందు కలిపి డాక్టర్ చేతికి అందించడం నా పనిలో భాగం, అందుకని అందరికీ నేనే దొరికాను. గూడూరులో ఉండే మా వదిన అయితే ఆపరేషనే వద్దు, చుక్కలతోనే గడిపేస్తాను అని భీష్మించుకుని కూర్చుంది. మూడు రకాల చుక్కలు వేస్తున్నా ఆవిడ కంటి ప్రెజర్ దిగడం లేదు. హెడ్డింగ్ పెట్టినవాళ్ళకి ఇవన్నీ తెలియవు, నిజమే, కానీ ఆ మందు ఎందుకు పెడతారో, ఎంత పెడతారో వ్యాసంలో రెండు ముక్కలు ఎక్కువ రాసి ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, కత్తిరించి వేసినా పర్వాలేదు కానీ డిశ్చార్జ్ కాగితం గురించి రాసిన భాగం మాత్రం దయచేసి కత్తిరించకండి.

కంటి లోపల నీరు (కన్నీళ్ళు కాదు) ఊరుతూనే ఉంటుంది, నిమిషానికి రెండు రెండున్నర మైక్రోలీటర్లు, అంటే రోజంతా కలిపినా ఓ మూడు మిల్లీలీటర్లు. ఆ నీరు బయటికి పోయే దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది, పెరిగిన ఒత్తిడి కంటి నరాన్ని తినేస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు. మామూలు కంట్లో ప్రెజర్ 10 నుంచి 21 (పాదరసం మిల్లీమీటర్లు) లోపల ఉంటుంది. చుక్కలకీ లేజర్‌కీ లొంగకపోతే చేసే ఆపరేషన్ పేరు ట్రాబెక్యులెక్టమీ, ఆసుపత్రిలో మేం ట్రాబ్ అంటాం. తెల్లగుడ్డులో ఒక చిన్న తలుపులాంటిది కోసి, దాని కింద రంధ్రం చేస్తారు, నీరు అక్కణ్ణుంచి బయటికి వచ్చి పైనున్న పల్చటి పొర కింద చేరుతుంది, పై రెప్ప కింద ఒక నీటి పొక్కులా కనిపిస్తుంది. దాన్ని బ్లెబ్ అంటారు. ఆ పొక్కు బతికి ఉన్నంతకాలం ఆపరేషన్ పనిచేసినట్టు.

చిక్కంతా ఇక్కడే. మిగతా ఏ ఆపరేషన్ చేసినా గాయం బాగా మానాలని కోరుకుంటాం, ఇందులో మాత్రం గాయం పూర్తిగా మానకూడదు. చెవి కుట్టించుకుని కమ్మ పెట్టకపోతే కొన్నాళ్ళకి ఆ చిల్లు ఎలా పూడిపోతుందో కంట్లో చేసిన దారి కూడా అలాగే పూడిపోతుంది, ఒంటికి అది మనం కావాలని పెట్టుకున్న దారి అని తెలియదు కదా. మచ్చ కట్టే కణాలు వచ్చి చేరి, పొక్కు అణిగిపోయి, ప్రెజర్ మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ కణాలు మరీ చురుగ్గా పెరగకుండా ఆపడానికే ఈ మందులు. ముఖ్యంగా రెండు: ఫైవ్ ఫ్లోరోయురాసిల్, మైటోమైసిన్ సి. క్యాన్సర్ వార్డులో వాడేవే, అందులో అబద్ధం లేదు. కానీ అక్కడ నరంలోకి ఎక్కించేది ఒళ్ళంతా తిరగడానికి. ఇక్కడ మైటోమైసిన్ మొత్తం సీసాలోనే ఉండేది సాధారణంగా 2 మిల్లీగ్రాములు, మందులో తడిపిన చిన్న స్పాంజి ముక్కల్ని కోసిన చోట పొర కింద పెడతారు, కంటికి తగిలేది ఆ ముక్కలు పీల్చుకున్నంత, అదీ కొద్ది నిమిషాలు, ఆ తర్వాత కడిగేస్తారు. జుట్టు ఊడదు, వాంతులు రావు. మా వదినకి ఇదే చెప్పాను, సగం నమ్మింది.

ఇప్పుడు ఎంత అనే దగ్గరికి వద్దాం, అసలు నేను రాయాలనుకున్నది దీని గురించే.

2 మిల్లీగ్రాముల పొడిని 5 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపితే మిల్లీలీటరుకి 0.4 మిల్లీగ్రాముల బలం వస్తుంది, 10 మిల్లీలీటర్లలో కలిపితే 0.2. ఊదారంగు నీళ్ళలా ఉంటుంది చూడ్డానికి. థియేటర్లో డాక్టర్ "పాయింట్ టూ, రెండు నిమిషాలు" అంటే మేం రాసుకుంటాం, ఒకరు గడియారం చూస్తారు, ఒకరు ఎన్ని ముక్కలు లోపలికి వెళ్ళాయో లెక్క చెబుతారు, అన్నీ బయటికి వచ్చాక మళ్ళీ లెక్కపెడతాం, ఎందుకంటే ఒక్క ముక్క లోపల మర్చిపోయినా పెద్ద గొడవే. తర్వాత ఆ చోటంతా సెలైన్ లాంటి ద్రవంతో బాగా కడుగుతారు. మందు తగిలిన పనిముట్లు పక్కన పెట్టేస్తాం, గ్లవుజులు మారుస్తాం, మిగిలిన మందూ స్పాంజీలూ విడిగా పసుప్పచ్చ సంచిలోకి వెళ్ళాలి, 2016 నాటి బయోమెడికల్ చెత్త రూల్సులో కూడా అదే ఉంది. కడుపుతో ఉన్న అమ్మాయిలని ఆ మందు దగ్గరికి రానివ్వం.

అంటే డోసు అన్నది ఒక్క అంకె కాదు. మందు బలం, పెట్టిన నిమిషాలు, స్పాంజి ఎంత పెద్దది, ఎన్ని ముక్కలు, ఎంత మేర పరిచారు, ఇవన్నీ కలిస్తేనే డోసు. లండన్ మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రిలో పెంగ్ ఖా అనే డాక్టరు ఒకే చోట గుచ్చినట్టు కాకుండా మందుని వెడల్పుగా, వెనక వరకూ పరచాలనీ, పైపొర అంచులకి మందు తగలనివ్వకూడదనీ చెప్పాక చాలామంది పద్ధతి మార్చుకున్నారు. చిన్న చోట గట్టిగా పెడితే ఆ ఒక్కచోట పొర చచ్చి పల్చబడుతుంది, నీరంతా అక్కడే ఉబ్బి ఎత్తుగా లేస్తుంది. అంచుకి మందు తగిలితే కుట్టు మానదు, నీరు కారుతుంది. ఇంకొందరు డాక్టర్లు స్పాంజీల గొడవే లేకుండా పల్చగా కలిపిన మందుని పొర కింద సూదితో ఇస్తున్నారు. స్పాంజి ఎంత పీల్చిందో, ఎంత వదిలిందో ఎవరికీ కచ్చితంగా తెలియదు, సిరంజిలో అయితే ఎంత వెళ్ళిందో కంటికి కనిపిస్తుంది, నాకైతే అది నచ్చింది.

ఎవరికి ఎంత అన్నది కన్ను చూసి నిర్ణయించాలి. వయసులో ఉన్నవాళ్ళకి మచ్చ గట్టిగా, తొందరగా కడుతుంది, పిల్లలకైతే మరీను. ఇంతకుముందు అదే కంటికి కోత పెట్టి ఏదైనా ఆపరేషన్ అయి ఉంటే, కంట్లో వాపు జబ్బు ఉంటే, ఏళ్ళ తరబడి రోజుకి మూడు నాలుగు సార్లు చుక్కలు వేసి వేసి తెల్లగుడ్డు ఎర్రబారి ఉంటే, ఇలాంటి కళ్ళకి మందు కాస్త గట్టిగా కావాలి. చుక్కల్లో పాడవకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ కూడా పొరని రేపి పెడుతుందని 1990ల నుంచీ చెబుతున్నారు. అదే, పొర పల్చబడిన ముసలివాళ్ళకి మొదటిసారి ఆపరేషన్ అయితే తక్కువ చాలు. మైనస్ పవర్ ఎక్కువగా ఉన్న కుర్రవాళ్ళ సంగతి రెండు వైపులా పదునే: మచ్చా కడుతుంది, ఒకవేళ మందు ఎక్కువై ప్రెజర్ ఐదుకో అంతకన్నా కిందికో పడిపోతే కన్ను మెత్తబడి లోపల రెటీనా మధ్యలో ముడతలు పడి చూపు మసకబారుతుంది.

కన్నుని బట్టి డోసు మారుతుందనడానికి నా మాటే అక్కర్లేదు. అమెరికాలో ఈ ఆపరేషన్‌నీ, నీరు పోవడానికి కంట్లో సన్నటి ట్యూబు పెట్టే ఆపరేషన్‌నీ పోల్చి పెద్ద అధ్యయనం చేశారు, అందులో అందరూ ముందే కంటి ఆపరేషన్ అయినవాళ్ళు, వాళ్ళకి 0.4 బలం మందుని 4 నిమిషాలు పెట్టారు. ఆ తర్వాత ముందు కోత అంటూ పడని కళ్ళ మీద రెండో అధ్యయనం చేసినప్పుడు అదే బలం, కానీ 2 నిమిషాలే. 2012లో అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చిన రెడీమేడ్ కిట్‌లోనేమో 0.2 బలం, 2 నిమిషాలు. ఇన్ని రకాలుగా ఉంటే, ఒక రోజు లిస్టులో ఉన్న ట్రాబులన్నిటికీ పొద్దున్నే ఒకే బలం కలిపి, ఎవరొచ్చినా అన్నే నిమిషాలు పెట్టే అలవాటు కూడా నేను చూశాను, ఎక్కడో పేరు రాయను. బలం ఒకటే ఉంచి నిమిషాలు మార్చడం తప్పు కాదు, మంచి డాక్టర్లు చాలామంది అలాగే చేస్తారు. కన్ను చూడకముందే నిమిషాలు నిర్ణయమైపోవడం తప్పు.

మందు తక్కువైతే పూడిపోతుంది, ఎక్కువైతే పొర పల్చబడి ఎప్పుడో ఏళ్ళ తర్వాత చీము పడుతుంది. ఈ తగువు చెన్నైకి కొత్త కాదు. 1819లో మొదలైన మన ఎగ్మోర్ కంటాసుపత్రి సూపరింటెండెంట్‌గా ఉన్న రాబర్ట్ హెన్రీ ఎలియట్ 1909లో తెల్లగుడ్డుకి గుండ్రటి రంధ్రం వేసి నీరు వదిలే పద్ధతి మొదలుపెట్టాడు, ప్రపంచమంతా ఆయన పేరుతోనే చేశారు. అప్పట్లో మందూ లేదు, తలుపూ లేదు, ఉత్త రంధ్రమే, దాని మీద పొర పల్చబడి కొందరికి ఏళ్ళ తర్వాత కంట్లోకి చీము దిగేది. 1968లో కెయిర్న్స్ అనే డాక్టర్ తలుపు పద్ధతి తెచ్చాక నీరు ఒక్కసారిగా బయటికి రాకుండా కట్టడి వచ్చింది, కానీ పూడిపోవడం ఎక్కువైంది. 1983లో తైవాన్‌లో చెన్ అనే డాక్టర్ మైటోమైసిన్ పెట్టి చూశాడు, పూడిపోవడం తగ్గింది, పల్చబడటం మళ్ళీ వచ్చింది. ఇప్పటికీ ఆ రెండింటి మధ్యే నడుస్తున్నారు.

రెండో మందు, ఫైవ్ ఎఫ్.యు. అంటాం దాన్ని, దాని గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది. అది టేబుల్ మీద పెట్టడమే కాదు, ఆపరేషన్ అయ్యాక కూడా ఇవ్వొచ్చు, దాని గొప్పంతా అక్కడే ఉంది. సీసాలో మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాములు ఉంటుంది, 0.1 మిల్లీలీటరు తీస్తే 5 మిల్లీగ్రాములు, కంటి పొర కింద సన్నటి సూదితో ఇస్తారు. 1980లలో అమెరికాలో పెద్ద అధ్యయనం చేసినప్పుడు మొదటి వారం రోజుకి రెండు, రెండో వారం రోజుకి ఒకటి, మొత్తం 21 సూదులు వేశారు పాపం. ఐదేళ్ళకి చూస్తే మందు లేనివాళ్ళలో నూటికి 74 మందికి ఆపరేషన్ విఫలమైంది, మందు ఇచ్చినవాళ్ళలో 51. అవన్నీ ముందే శుక్లం ఆపరేషనో, ఒకసారి ఫెయిలైన ట్రాబో అయిన మొండి కళ్ళు, అందుకే అంకెలు అలా ఉన్నాయి. ఇప్పుడు అలా లెక్కగట్టి ఎవరూ వేయరు. రివ్యూకి వచ్చినప్పుడు డాక్టర్ పొక్కుని చూస్తారు, ఎర్రగా, మెలికలు తిరిగిన రక్తనాళాలు కనిపిస్తే ఒక సూది, పరిస్థితి బాగుంటే ఊరుకుంటారు, నల్లగుడ్డు పైపొర చెదిరితే ఆపేస్తారు. కుట్టు ఒకటి లేజర్‌తో వదులు చేయడం, స్టెరాయిడ్ చుక్కలు పెంచడం తగ్గించడం, ఇవన్నీ ఆ మొదటి రెండు మూడు నెలల్లోనే. అంటే డోసు సర్దడం థియేటర్లో సగమే అవుతుంది, మిగతా సగం రివ్యూల్లో.

ఇక్కడే మన తెలుగువాళ్ళ సంగతి వస్తుంది. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట నుంచి పొద్దున్న బండికి సెంట్రల్‌లో దిగి కంటాసుపత్రికి వచ్చేవాళ్ళు ఎంతమందో. ఆపరేషన్ దాకా ఓపిగ్గా వస్తారు. కట్టు విప్పాక, నొప్పి లేదు కదా, చూపు ఎలా ఉందో అలాగే ఉంది కదా, మళ్ళీ మళ్ళీ ఎందుకు రావడం, తోడు వచ్చే అబ్బాయికి సెలవు దొరకదు, అని రివ్యూ ఎగ్గొడతారు. డాక్టర్లకి ఇది తెలుసు. తెలుసు కాబట్టే ఈ మనిషి సూదులకి తిరిగి రాడు అనిపిస్తే టేబుల్ మీదే మైటోమైసిన్ వైపు మొగ్గుతారు, ఇంకో అర నిమిషమో నిమిషమో ఎక్కువ ఉంచుతారు. ఊరి దూరం కూడా డోసులోకి వస్తుందన్నమాట! నిజానికి దూరం నుంచి వచ్చేవాళ్ళకే అది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే పల్చబడ్డ పొక్కుకి నాలుగేళ్ళ తర్వాత ఏదైనా అయితే వాళ్ళకి దగ్గర్లో చూసేవాళ్ళు ఉండరు. కాబట్టి ఆపరేషన్‌కి ముందే "నేను వారం వారం రాగలను" లేదా "రాలేను" అని డాక్టర్‌కి నిజం చెప్పండి. మొహమాటానికి వస్తామని చెప్పి రాకపోవడం కన్నా రాలేమని చెప్పడం వందరెట్లు నయం, దాన్ని బట్టి ఆయన మందు నిర్ణయించుకుంటారు.

ఇక డిశ్చార్జ్ కాగితం. రిటైరయ్యాక కూడా తెలిసినవాళ్ళు ఆ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు, ఎక్కువ వాటి మీద "ట్రాబ్ విత్ ఎం.ఎం.సి." (అంటే మైటోమైసిన్ సి) అని ఒక్క ముక్క ఉంటుంది. ఎంత బలం, ఎన్ని నిమిషాలు, స్పాంజీయా సూదా, ఏమీ ఉండదు. అవన్నీ ఆసుపత్రి ఆపరేషన్ నోట్సులో ఉంటాయి, నేనే రాసేదాన్ని కదా, కానీ ఆ నోట్సు పేషెంట్‌తో ఊరికి వెళ్ళదు. పేషెంట్‌కి ఆ అంకెలు అర్థం కావు, రాసి ఏం లాభం అని ఒక డాక్టర్ గారు నాతో అన్నారు. పేషెంట్‌కి అర్థం కావాలని కాదండీ, తర్వాత చూసే డాక్టర్‌కి కావాలి. నెల్లూరులోనో తిరుపతిలోనో ఇంకో డాక్టరు ఆ పొక్కుని సూదితో విప్పాల్సి వచ్చినా, శుక్లం ఆపరేషన్ చేయాల్సి వచ్చినా, రెండో కంటికి ట్రాబ్ చేయాల్సి వచ్చినా, మొదటి కంటికి ఎంత పెడితే ఏమైందో తెలిస్తే ఆయన పని సగం తేలికవుతుంది. 0.4 మూడు నిమిషాలు పెట్టినా పూడిపోయిందంటే అదొక కబురు, 0.2 రెండు నిమిషాలకే పొర తెల్లగా పల్చబడిందంటే అది ఇంకో కబురు. ఒక్క లైను. దానికి ఖర్చు కూడా లేదు.

రెండో లైను తెలుగులో ఉండాలి, తమిళం వాళ్ళకి తమిళంలో. ఈ ఆపరేషన్ అయిన కన్ను ఎప్పుడు ఎర్రబడ్డా, అది పదేళ్ళ తర్వాతైనా సరే, అది కళ్ళకలక అనుకోవద్దు అని. నాయుడుపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయనకి అదే జరిగింది, ఆపరేషన్ అయిన చాలా ఏళ్ళకి కన్ను ఎర్రబడి పుసులు కడుతుంటే మందుల షాపులో అడిగి ఏవో చుక్కలు తెచ్చుకుని ఇంట్లోనే కూర్చున్నాడు, ఊళ్ళో అందరికీ కళ్ళకలకలు వచ్చాయి కదా అని. ఆయన మా దగ్గరికి వచ్చేసరికి చీము కన్ను లోపలికి దిగింది, చూపు దక్కలేదు. ఆయన దగ్గరున్న కాగితం ఇంగ్లీషులో ఉంది, దాని మీద ఈ ముక్క లేదు. ఎర్రదనం, నొప్పి, వెలుగు చూడలేకపోవడం, చూపు మసకబారడం, పుసులు, కంట్లోంచి నీరు కారుతూనే ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, రేపు కాదు. వెళ్ళగానే "నాకు నీటికాసుల ఆపరేషన్ అయింది, మందు పెట్టారు" అని చెప్పాలి, లేకపోతే రెప్ప ఎత్తి చూడనివాళ్ళు కూడా ఉంటారు.

చెన్నై చుట్టుపక్కల చేసిన సర్వేలో గ్లకోమా ఉన్నవాళ్ళలో పదింట తొమ్మిది మందికి పైగా తమకి ఆ జబ్బు ఉన్నట్టే తెలియదని తేలింది. తెలిసి, ఆపరేషన్ దాకా వచ్చిన కొద్దిమందిని కూడా హెడ్డింగ్‌తో బెదరగొట్టకండి. మీ పేజీలో వచ్చే వారం చోటుంటే, పైన రాసిన ఆ ఎర్రకన్ను లక్షణాలని ఒక చిన్న బాక్సు కట్టి పెద్దక్షరాల్లో వేయండి, చూపు తక్కువవాళ్ళు చదవాలి కదా. కంటాసుపత్రుల వాళ్ళు మీ పేపరు చదువుతారని నాకు తెలుసు, ఓపీ హాల్లో టేబుల్ మీద పడే ఉంటుంది. ఆ రెండు లైన్లు డిశ్చార్జ్ కాగితం మీద వేయడానికి అడ్డేమిటో వాళ్ళలో ఎవరైనా ఇదే పేజీలో జవాబు రాస్తే చదవాలని ఉంది.

మా వదిన వచ్చే నెల ఆపరేషన్‌కి ఒప్పుకుంది. డాక్టర్‌ని ఎన్ని నిమిషాలు పెడతారని అడగమన్నాను. అడుగుతుందట.

ఇట్లు,
రిటైర్డ్ థియేటర్ సిస్టర్,
పెరంబూరు, చెన్నై